ఎకరం అమ్మి అద్దె ఇల్లు కొనే ముందు

ఈ ఏడాది మన సంఘం మండల సమావేశాల్లో యూరియా, మద్దతు ధర, కౌలు కార్డుల తర్వాత ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. ‘భూమి పోయింది, డబ్బులు పడ్డాయి. టౌన్లో ఇల్లు కొని అద్దెకిచ్చుకుంటే నెలనెలా ఇంత వస్తుందంటున్నారు. దిగమంటారా?’ అని. హైదరాబాద్ చుట్టూ వేస్తున్న ప్రాంతీయ రింగు రోడ్డు కింద, కొత్త జాతీయ రహదారుల కింద, పారిశ్రామిక పార్కుల కింద భూములు పోతున్న కుటుంబాలు అడుగుతున్నాయి. అమరావతిలో పొలాలిచ్చి ప్లాట్లు తీసుకున్నవాళ్ళు అడుగుతున్నారు. ఏ నోటీసూ రాకపోయినా, రోడ్డు పక్క ఎకరం ధర విని ‘ఈ సేద్యంలో ఏముందిలే’ అనుకుంటున్నవాళ్ళూ అడుగుతున్నారు.

రైతు సంఘం పత్రికకు అద్దె ఇళ్ళ గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. ‘భూమి అమ్ముకోవద్దు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం మాకూ తేలికే. కానీ సేకరణలో పోయిన భూమి రైతు ఇష్టపడి అమ్ముకున్నది కాదు. చేతికొచ్చిన పరిహారం రెండు మూడేళ్ళలో కారు కింద, పెళ్ళి ఖర్చుల కింద, ఎవరో చెప్పిన వెంచర్ కింద కరిగిపోయిన కుటుంబాలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. పరిహారం కోసం ధర్నా చేసిన సంఘం, ఆ పరిహారం నిలబడే దారి గురించి మాట్లాడకపోతే సగం పనే చేసినట్టు.

మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. అద్దె ఇల్లు భూమికి బదులు కాదు. చేతిలో ఉన్న భూమి అమ్మి అద్దె ఇల్లు కొనడం చాలామంది రైతులకు నష్టపు బేరం. భూమి ఎలాగూ పోయినవాళ్ళకు మాత్రం అది బతుకుతెరువులో ఒక భాగం కావచ్చు. అదైనా లెక్క చూసుకుని, అప్పు లేకుండా, కాగితాలు సరిచూసుకుని దిగితేనే.

అద్దెలో మిగిలేదెంత?

ఫ్లాట్ అమ్మడానికి వచ్చిన మనిషి ధర చెబుతాడు, పెరగబోయే ధర చెబుతాడు. చేతికి మిగిలే అద్దె ఎంతో చెప్పడు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు మీ ఊరిని బట్టి మార్చుకోండి, వేసే పద్ధతి మాత్రం ఇదే.

50 లక్షల ఫ్లాట్ అనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. అంటే 3 లక్షల 75 వేలు. కట్టుబడి పూర్తికాని ఫ్లాట్ అయితే దానిపై జీఎస్టీ అదనం. అల్మారాలు, ఫ్యాన్లు, కరెంటు మీటరు, చిల్లర పనులకు మరో రెండు లక్షల పైచిలుకు. ఇల్లు అద్దెకిచ్చే నాటికి పెట్టుబడి 56 లక్షలు దాటుతుంది.

అద్దె నెలకు 14 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి 1 లక్షా 68 వేలు. పాతవాళ్ళు ఖాళీ చేసి కొత్తవాళ్ళు వచ్చేలోగా ఒక నెల ఖాళీ ఉంటే 14 వేలు పోయాయి. ఇంటి పన్ను 6 వేలు. రంగులు, మోటారు, పైపుల మరమ్మతులు ఏడాదికి సగటున 15 వేలు. బ్రోకరుకు 5 వేలు. మొత్తం 40 వేలు తీసేస్తే మిగిలింది 1 లక్షా 28 వేలు. 56 లక్షల మీద ఇది 2.3 శాతం. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకు 20 పైసల వడ్డీ కూడా రావడం లేదు. అదే డబ్బు బ్యాంకులో 6 శాతానికి వేస్తే ఏడాదికి 3 లక్షల 36 వేలు వస్తుంది. నగరంలో ఫ్లాట్ల లెక్క చాలాచోట్ల ఇంచుమించు ఇలాగే తేలుతుంది.

ఇంకో దారి చూద్దాం. మండల కేంద్రంలోనో చిన్న పట్టణంలోనో 200 గజాల స్థలం 20 లక్షలకు కొని, కింద రెండు, పైన రెండు చిన్న పోర్షన్లు కట్టారనుకుందాం. మొత్తం 1,900 చదరపు అడుగులు, అడుక్కి 1,800 చొప్పున కట్టుబడి 34 లక్షలు. రిజిస్ట్రేషన్‌తో కలిపి ఇదీ దాదాపు 56 లక్షలే. పోర్షన్‌కు 5,500 చొప్పున నాలుగు పోర్షన్లకు నెలకు 22 వేలు, ఏడాదికి 2 లక్షల 64 వేలు. ఖాళీ నెలలు, పన్ను, మరమ్మతులు కలిపి 54 వేలు తీసేస్తే 2 లక్షల 10 వేలు. అంటే 3.75 శాతం. ఫ్లాట్ కంటే నయం. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతా మూడు నడుస్తాయి. అయితే కట్టించే పని మనదే. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న పెద్దల మాట ఊరికే రాలేదు. మేస్త్రీ చెప్పిన అంచనాకు ఐదో వంతు అదనంగా చేతిలో పెట్టుకోకుండా పునాది తీయవద్దు.

‘అద్దె తక్కువైతేనేం, ధర పెరుగుతుంది కదా’ అంటారు. పెరిగేది స్థలం ధర. కట్టడం ఏటా పాతబడుతుంది. అపార్ట్‌మెంటులో మన వాటాకు వచ్చే స్థలం చాలాసార్లు 40, 50 గజాలకు మించదు. పెరిగిన ధర చేతికి రావాలంటే ఇల్లు అమ్మాలి. అమ్మితే అద్దె ఆగిపోతుంది. నెల గడవడానికి కొన్న ఇంటిని ధర కోసం కొన్న ఇల్లుగా లెక్కవేయకూడదు.

భూమి లెక్క కూడా వేద్దాం

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయలేం. రోడ్డు పక్క ఎకరం 60 లక్షలు పలుకుతుంటే, దానిమీద వచ్చే కౌలు 30 వేలు. అంటే అర శాతం. మరి భూమి కంటే అద్దె ఇల్లే మేలు కదా? పైపైన చూస్తే అంతే అనిపిస్తుంది.

కానీ ఆ 60 లక్షలు పంట చూసి వచ్చిన ధర కాదు. పంట ధరలు గిట్టుబాటు కాకపోవడం ఒక పక్క, రియల్ ఎస్టేట్ డబ్బు వచ్చి పడడం ఇంకో పక్క. ఈ రెండింటి మధ్యా రైతుకు సొంత భూమే ఖరీదైన భారంలా కనిపిస్తోంది. ఇది విధానాల వల్ల వచ్చిన స్థితి. దానికి రైతును తప్పుపట్టలేం.

ఇంకో సంగతి. భూమి ఇచ్చేది కౌలు ఒక్కటే కాదు. ఇంట్లో నలుగురికి పని ఇస్తుంది. తిండి గింజలు, పశువులకు మేత ఇస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే పంట రుణం, పెట్టుబడి సాయం. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతే ఆ కుటుంబానికి 5 లక్షల రైతు బీమా వస్తుంది, పుస్తకం పోతే అదీ పోతుంది. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు, అద్దె ఆదాయంపై ఉంది. ఇంటి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయించి, మిగతాది ఆదాయంగా లెక్కిస్తారు. ఇతర ఆదాయాలతో కలిసి అది పన్ను కట్టే స్థాయికి చేరితే పీఎం కిసాన్ కూడా ఆగుతుంది. ఎందుకంటే ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఆ పథకం లేదు.

అందుకే మా మాట ఇది. భూమి పోయిన డబ్బులో మొదటి వాటా భూమికే పోవాలి. రోడ్డు పక్క ఎకరం డబ్బుతో లోపలి మండలాల్లో రెండు మూడు ఎకరాలు కొన్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళు ఇవాళా రైతులే. అక్కడ కొనేటప్పుడు ఆ పొలం చేస్తున్న కౌలుదారును రాత్రికి రాత్రి వెళ్ళగొట్టవద్దు. మనకు జరిగిందే ఇంకొకరికి మన చేత్తో జరగకూడదు.

పిల్లలు బయట స్థిరపడి, సేద్యం చేసే ఓపిక లేని వృద్ధ దంపతులున్నారు. భర్త చనిపోయి, చేతిలో పరిహారం తప్ప మరో ఆధారం లేని మహిళలున్నారు. వాళ్ళకు నెలనెలా వచ్చే అద్దె అవసరమే. వాళ్ళను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్ళు మోసపోకూడదన్నదే మా తాపత్రయం.

అద్దెకూ కరువు ఉంటుంది

వాన పడకపోతే పంట పోతుంది, అద్దెకు ఆ బెంగ లేదని చెబుతారు. అమరావతి అనుభవం చూడండి. 2015లో అక్కడి రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణ కింద ఇచ్చారు. మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబు ఎకరానికి 50 వేలు, ఏటా 10 శాతం పెంపుతో పదేళ్ళ పాటు కౌలు ఇస్తామన్నారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకు వెయ్యి గజాలు, 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. సచివాలయం, హైకోర్టు, కాలేజీలు వచ్చాక ఉద్యోగులు, ఇంజనీర్లు, విద్యార్థులు, నిర్మాణ కార్మికులు దిగారు. తుళ్ళూరు, మందడం పరిసరాల్లో రైతులు ఉన్న ఇళ్ళపై అంతస్తులు వేశారు, పోర్షన్లు కట్టారు. కొందరు అప్పులు తెచ్చి కట్టారు.

2019లో ప్రభుత్వం మారింది, పనులు ఆగాయి. డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. కూలీలు, ఇంజనీర్లు మూటాముల్లె సర్దుకున్నారు. ఇళ్ళకు టూలెట్ బోర్డులు మిగిలాయి. రాజధాని అక్కడే అభివృద్ధి చేయాలని హైకోర్టు 2022 మార్చిలో తీర్పు ఇచ్చినా, పనులు మళ్ళీ కదలడానికి 2024 తర్వాతి కాలం దాకా ఆగవలసి వచ్చింది. నడుమ ఐదేళ్ళు అప్పుల మీద వడ్డీ మాత్రం ఆగలేదు. అక్కడ వాన బాగానే కురిసింది, కృష్ణలో నీళ్ళూ పారాయి. అయినా ఆ ఇళ్ళకు కరువొచ్చింది.

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్ళకు వచ్చేశారు. ఒక కాలేజీని నమ్ముకునో, ఒక ఫ్యాక్టరీని నమ్ముకునో ఇల్లు కడితే ఆ కాలేజీ, ఆ ఫ్యాక్టరీ ఉన్నంత కాలమే అద్దె. ఒకే పంట వేసి ఒకే వ్యాపారికి అమ్మే రైతు పరిస్థితి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. బడి, ఆసుపత్రి, మార్కెట్ యార్డు, బస్టాండు, నాలుగు రకాల ఉద్యోగాలు ఉన్న పాత పట్టణంలో అద్దె తక్కువగా ఉండవచ్చు, కానీ నిలకడగా ఉంటుంది.

దిగేవాళ్ళు చూసుకోవలసినవి

మొదటిది, డబ్బు పంపకం. పరిహారం పడగానే ముందు బయటి వడ్డీల అప్పు తీర్చండి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీని అలాగే ఉంచి 3 శాతం అద్దె వచ్చే ఇల్లు కొనడం లెక్క తెలిసిన పని కాదు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. తర్వాత భూమి. ఆ తర్వాత మిగిలిన దానిలో కొంత బ్యాంకులో ఉంచి, కొంతే ఇంటి మీద పెట్టండి. బ్యాంకులో కూడా ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిట్‌దారుకు బీమా రక్షణ 5 లక్షల వరకేనని గుర్తుంచుకుని, పెద్ద మొత్తమైతే రెండు మూడు చోట్ల వేయండి.

రెండవది, అప్పు. చేతిలో 20 లక్షలున్నాయి, బ్యాంకు 30 లక్షలు ఇస్తానంటోంది, అద్దెతో కిస్తీ కట్టుకోవచ్చని ఏజెంట్లు చెబుతారు. 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు. నెల కిస్తీ 26 వేలు. 50 లక్షల ఇంటికి వచ్చే అద్దె 14 వేలు. మిగతా 12 వేలు నెలనెలా ఎక్కడి నుంచి తెస్తారు? 20 ఏళ్ళలో మనం తిరిగి కట్టేది 62 లక్షలకు పైగా. నెల జీతం ఉన్నవాడు ఆ లోటు మోయగలడేమో. ఆరు నెలలకోసారి పంట డబ్బు చూసే రైతు మోయలేడు. అప్పు చేసి పప్పు కూడు తిన్నట్టే అవుతుంది.

మూడవది, ప్రీ-లాంచ్ మోసాలు. ‘మొత్తం డబ్బు ఇప్పుడే కడితే సగం ధరకు ఫ్లాట్’, ‘కట్టే వరకు నెలనెలా గ్యారంటీ అద్దె’, ‘స్థలంలో విడదీయని వాటా మీ పేర రిజిస్టర్ చేస్తాం’ అనే మాటలతో పరిహారం పడిన ఊళ్ళకు వెతుక్కుంటూ వస్తున్నారు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు మించి గానీ కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే కేటాయించిన ఖాతాలో ఉంచాలి. రెరా నంబరు అడగండి. అది లేదంటే, వచ్చినవాడు మేనమామ కొడుకైనా సరే, నమస్కారం పెట్టి పంపించండి.

నాలుగవది, కాగితాలు. పొలం కొనేటప్పుడు హద్దులు, పాస్‌బుక్కు చూడడం మనకు తెలుసు. ఇంటికి అవి చాలవు. కనీసం 30 ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి, ఇంటి ప్లాను అనుమతి, కట్టిన ఇల్లైతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడాలి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. అసైన్డ్ భూమి అమ్మకం 1977 నాటి చట్టం ప్రకారం సాధారణంగా చెల్లదు. ఏళ్ళ తరబడి చేతులు మారిందని, ఇళ్ళు లేచాయని చెబితే నమ్మవద్దు. చెరువు శిఖంలో, ఎఫ్‌టీఎల్‌లో, బఫర్ జోన్‌లో కట్టిన ఇళ్ళకు రిజిస్ట్రేషన్, కరెంటు, ఇంటి పన్ను రశీదు అన్నీ ఉండవచ్చు. అయినా కూల్చివేత తప్పకపోవచ్చని 2024లో హైడ్రా వచ్చాక హైదరాబాద్ చూసింది. నాలుగైదు వేల ఫీజుకు వెనకాడకుండా, అమ్మేవాడికి సంబంధం లేని వకీలుకు కాగితాలు చూపించండి.

ఐదవది, పన్ను. 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద వచ్చే పరిహారంపై ఆదాయపు పన్ను లేదు. 2016 అక్టోబరులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 36వ నంబరు సర్క్యులర్‌లో ఈ మాటే చెప్పింది. అయినా టీడీఎస్ కోసుకుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. సొంతంగా అమ్ముకుంటే సంగతి వేరు. మునిసిపాలిటీ జనాభా 10 వేల నుంచి లక్ష దాకా ఉంటే 2 కిలోమీటర్లు, 10 లక్షల దాకా ఉంటే 6, ఆపైన ఉంటే 8 కిలోమీటర్ల లోపలి వ్యవసాయ భూమికి లాభంపై పన్ను పడుతుంది. ఆ డబ్బుతో గడువులోగా మళ్ళీ వ్యవసాయ భూమి గానీ, నిబంధనలకు లోబడి ఒక నివాస గృహం గానీ కొంటే మినహాయింపు దొరుకుతుంది. అమ్మకానికి ముందే ఆడిటర్‌ను కలవండి. అమ్మాక కలిస్తే చేయగలిగింది తక్కువ.

ఆరవది, పేరు. పొలంలో నాట్లు, కలుపు, కోత అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదే నడిచాయి. పరిహారం మాత్రం మగవాడి ఖాతాలో పడుతోంది. కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టమైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. కొనే ఇల్లు భార్యాభర్తల ఇద్దరి పేరా రాయించండి. కూతుళ్ళ సంతకం ‘తర్వాత చూద్దాం’ అని వదిలేసిన ఇళ్ళు తర్వాత కోర్టులో తేలుతున్నాయి.

మనమే యజమానులమైతే

ఇంతకాలం కౌలు గురించి, కౌలుదారు హక్కు గురించి మాట్లాడుతున్నాం. అద్దెకిచ్చిన రోజు మనం అటుపక్క నిలబడతాం. ఇంటి అగ్రిమెంటు 11 నెలలకు రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు పత్రం గడువు కూడా 11 నెలలే. కౌలు రైతుకు ఏటా ఉండే అభద్రత ఎలాంటిదో మనకు తెలుసు. అద్దెకున్న మనిషికీ అదే ఉంటుంది.

కాబట్టి అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి. ఎంత అద్దె, ఎంత అడ్వాన్సు, ఏడాదికి ఎంత పెంపు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏ మరమ్మతు ఎవరిది అన్నది అందులో ఉండాలి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. దాన్ని మనం పాటిద్దాం. అద్దెకు రశీదు ఇద్దాం. పోర్షన్‌కో కరెంటు మీటరు పెట్టిద్దాం, బిల్లు దగ్గర సగం తగాదాలు అక్కడే తీరతాయి.

ఇల్లు చూడడానికి వచ్చిన మనిషిని ‘మీరేమిట్లు?’ అని అడిగే అలవాటు మన పట్టణాల్లో ఇంకా ఉంది. దళితులకు, ముస్లింలకు, ఒంటరి మహిళలకు ఇల్లు లేదనే యజమానులున్నారు. మన పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, విజయవాడలో అద్దె గదుల్లోనే ఉంటున్నారు. వాళ్ళను ఎవరైనా అలా అడిగితే మనకెలా ఉంటుంది? సంఘం సభ్యుల ఇళ్ళలో ఆ ప్రశ్న వినపడకూడదని కోరుతున్నాం.

ప్రభుత్వాలు చేయవలసింది

లెక్కలు నేర్చుకుని అద్దెల మీద బతకండి అని నిర్వాసితులకు చెప్పి చేతులు దులుపుకునే హక్కు ప్రభుత్వాలకు లేదు. మన డిమాండ్లు ఇవి.

1. జాతీయ రహదారులతో సహా ప్రతి సేకరణలో 2013 చట్టం ప్రకారం మార్కెట్ విలువ, దానిపై 100 శాతం సొలేషియం ఇవ్వాలి. మార్కెట్ విలువను ఏళ్ళ నాటి రిజిస్ట్రేషన్ రేటుతో కట్టడం మానాలి. సమ్మతి ఒప్పందాల పేరుతో చట్టం ఇచ్చిన పునరావాసాన్ని ఎగ్గొట్టరాదు.

2. సేకరణకు మూడేళ్ళ ముందు నుంచి ఆ భూమి మీదే బతికిన కౌలుదారులు, వ్యవసాయ కూలీలు కూడా బాధిత కుటుంబాలేనని చట్టంలోనే ఉంది. భూయజమాని డబ్బుతో పట్నంలో ఇల్లయినా కొనుక్కుంటాడు. వాళ్ళకు అదీ లేదు. గ్రామసభలో వాళ్ళ పేర్లు రాసిన తర్వాతే అవార్డు ప్రకటించాలి.

3. పట్టణాభివృద్ధి కోసం భూమి తీసుకున్నచోట అభివృద్ధి చేసిన భూమిలో 20 శాతం భూమి కోల్పోయినవాళ్ళకు ఇవ్వజూపాలన్న చట్ట నిబంధన అమలు చేయాలి.

4. సమీకరణలో ఇచ్చే ప్లాట్లకు రోడ్డు, నీరు, కరెంటు వేసే గడువు రాతపూర్వకంగా చెప్పాలి. గడువు దాటితే కౌలు పెంచి కొనసాగించాలి.

5. పరిహారం పంచే ప్రతి గ్రామంలో చెక్కులు ఇవ్వడానికి ముందే రెరా, బ్యాంకు, న్యాయసేవా సంస్థ ప్రతినిధులతో సభ పెట్టాలి. భూమి కొనుక్కునే నిర్వాసిత కుటుంబాలకు స్టాంపు డ్యూటీ రద్దు చేయాలి.

వీటన్నిటికంటే ముందు కావలసింది పంటకు గిట్టుబాటు ధర. ఎకరం మీద నాలుగు రాళ్ళు మిగిలే రోజుంటే, 2.3 శాతం అద్దె కోసం రైతు పొలం అమ్మడు.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు కాగితాలు తీసుకుని మీ మండల కమిటీ దగ్గరకు రండి. పరిహారం పడిన ఊళ్ళలో కమిటీలు ఈ నెలలోనే సభ పెట్టి, ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించాలని కోరుతున్నాం. ఆ సభకు ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకురండి.